నొప్పి ఎటు పోయింది

ఫిబ్రవరి 3, 2025. సోమవారం. ఉదయం 6.20

నొప్పి: 7.

గుంటూరు న్యూరాలజీ డాక్టరమ్మ ఈ పుస్తకం రాయమంది. తేదీ, టైము, నొప్పికి పదికి ఎన్ని మార్కులు. అంతే చాలంది. పదిహేనేళ్ళుగా కాలేజీ పిల్లల రికార్డులు దిద్దుతున్నదాన్ని, అంతే రాసి ఊరుకోవడం నా వల్ల కాదు. ఎలాగూ దీన్ని ఎవరూ చదవరు. ఆవిడ కూడా చదవదు. నెలకి ఏడు నిమిషాలు చూస్తుంది నన్ను.

ఎడమ కాలు. నవంబరు 19న పిరుదుకి వేసిన ఇంజెక్షన్ సయాటిక్ నరానికి తగిలింది. ఆ రోజు నుంచి పాదం పైన మొద్దు, అడుగున మంట. మిరపకాయలు నూరి పూసినట్టు అని చెబితే డాక్టరమ్మ నవ్వింది. ఈ జిల్లా వాళ్ళందరూ అదే చెబుతారట.

మధ్యాహ్నం 3.10

నొప్పి: 9.

రోజూ ఇదే టైము. చిటికెన వేలి దగ్గర మొదలవుతుంది. అరికాలు అడ్డంగా దాటి మడమ దగ్గర ఆగుతుంది. ఆగి రెండుసార్లు పొడుస్తుంది. తర్వాత పోతుంది. ఈ రెండు పోట్ల సంగతి డాక్టరుకి చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. లెక్కపెట్టి మరీ పొడిచే నొప్పి అంటే నాకే నవ్వొస్తోంది.

ఫిబ్రవరి 5. బుధవారం

6, 9, 8. ప్రాక్టికల్స్. పిల్లలకి నరకణం స్లైడు పెట్టాను. గుర్తుపట్టింది నలుగురు. నా కాలినడిగితే చెప్పేది.

ఫిబ్రవరి 8. శనివారం

ఏకాదశి. అత్తయ్య ఉపవాసం. నేను ప్రాక్టికల్స్ హడావుడిలో పొద్దున తినలేదు. మధ్యాహ్నం చూసుకుంటే క్యారియర్ ఇంట్లోనే మర్చిపోయాను.

3.10కి 5.

ఐదు! నవంబరు తర్వాత ఆ టైముకి ఐదు ఎప్పుడూ రాలేదు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య దేవుడి దయ అంది. మూడు నెలలు ఆయనకి లీవు ఎవరిచ్చారు అని అడగబోయి ఊరుకున్నాను. పాపం ఆవిడా ఆకలిమీద ఉంది.

ఫిబ్రవరి 10. సోమవారం

సెకండియర్ వాళ్ళకి ఒక్క పేరాలో చెప్పి దాటేసే సంగతి ఇది. ఆటోఫజీ. కణం తనలో చెడిపోయిన వాటిని తానే తినేసి, వచ్చిన ముడిసరుకుతో కొత్తవి కట్టుకుంటుంది. విరిగిన కుర్చీని పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నట్టు. రాత్రి నెట్‌లో కూర్చుని ఇంకా చదివాను. దెబ్బతిన్న నరంలో ఈ తినే పని మందగిస్తే చెత్త పేరుకుపోతుంది, నొప్పి మొండికేస్తుంది. తిండి తగ్గించిన ఎలుకల్లో కణాలు ఆకలికి ఆ చెత్త తినడం మొదలుపెట్టాయి. నరం కోలుకుంది, నొప్పి తగ్గింది.

ఎలుకల్లో. మనుషుల్లో ఇంకా తేలలేదని చివరి పేరాలో రాశారు. చివరి పేరా ఒకసారి చదివాను. ముందు పేరాలు ఆరుసార్లు.

ఫిబ్రవరి 16. ఆదివారం

చర్చి అయ్యాక జక్రయ్య వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. గుమ్మం బయటే నిలబడి, కాలెట్టా ఉందండీ మేడంగారూ అని అడుగుతాడు. నేను పర్లేదంటాను. రామకాంత్ లోపలికెళ్ళి టీవీ సౌండు పెంచుతాడు. జక్రయ్య వెళ్ళిపోతాడు. నా మొగుడికి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేనేజర్ ఉద్యోగం. అక్కడి చల్లదనం ఒక్క కోపానికి మాత్రం పట్టలేదు.

జక్రయ్య మా ఊరి ఆర్ఎంపీ. డిగ్రీ లేని డాక్టరు. అరవై ఒకటి. ముప్పై ఏళ్ళుగా ప్రత్తిపాడులో మా వీధి జ్వరాలన్నీ ఆయనవే. ఆ రోజు ఇంజెక్షన్ వేసింది ఆయనే.

ఇక్కడ ఒక ముక్క రాయాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 19న నాకు జ్వరం నూట మూడు. మర్నాడు కాలేజీలో ఇన్‌స్పెక్షన్. జక్రయ్యని పిలిపించి సూది వెయ్యమన్నాను. మాత్రలు చాలండీ అన్నాడు. మాత్రతో జ్వరం తగ్గిందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. జువాలజీ చెప్పే నేనూ నమ్మలేదు. సరేనని సిరంజి తీశాడు. చీర కాస్త సర్దుకోమన్నాడు, చోటు కనపడాలండీ అన్నాడు. హాల్లో అత్తయ్య, వరండాలో పనిమనిషి. నాకు ఒళ్ళు మండింది. చీర మీంచే వేసెయ్యండి, నాకు పాఠాలు చెప్పకండి అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను గద్దించాను. మొహం గోడవైపు తిప్పుకుని, చేత్తో తడిమి చూడటానికి కూడా జంకి, గుడ్డ మీంచి వేశాడు. సూది దిగడంతోటే పాదం దాకా కరెంటు పాకింది.

ఆర్ఎంపీ చేతిలో నరం పోయిందని ఊరంతా తెలుసు. చీర సంగతి నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. రామకాంత్ వీధిలో నిలబెట్టి తిట్టిన రోజు కూడా, తప్పు నాదేనయ్యా అని చేతులు కట్టుకున్నాడు. నేను కిటికీలోంచి విన్నాను.

3.10 అయింది. 8.

ఫిబ్రవరి 26. బుధవారం. శివరాత్రి

17 నుంచి రోజు విడిచి రోజు తినడం లేదు. మంచినీళ్ళు, మజ్జిగతేట. తినని రోజుల్లో 4, 4, 3, 4, 3. తిన్న రోజుల్లో 7. ఈరోజు ఎలాగూ అందరూ పస్తు. 3.

అత్తయ్య వీధంతా చెబుతోంది, మా రాగసుధకి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందమ్మా అని. ఎదురింటావిడ వచ్చి నా పాదాలకి దణ్ణం పెట్టబోయింది. కుడి కాలికి పెట్టుకోండి, ఎడమది డ్యూటీలో ఉంది అన్నాను. అత్తయ్య నాలుక కరుచుకుంది.

మార్చి 5. బుధవారం

జక్రయ్య వాళ్ళకి ఈరోజు నుంచి శ్రమల దినాలు. గుడ్ ఫ్రైడే దాకా నలభై రోజులు. చీకటి పడేదాకా ఏమీ తినడట. చెప్పులు కూడా వేసుకోడట.

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర కనిపించాడు. ఆయనకి పన్నెండేళ్ళుగా షుగర్. షుగర్ ఉన్నవాళ్ళు పస్తుండకూడదు, ఒట్టి కాళ్ళతో నడవకూడదు, ఇది మీరు మాకు చెప్పాల్సిన మాట అని కేకలేశాను. మీరూ పస్తుంటన్నారు గదండీ అన్నాడు. నాది సైన్సు అన్నాను. నాది ప్రార్థనండీ అన్నాడు. దేనికోసం అంటే నవ్వి ఊరుకున్నాడు. మిరపకాయలు ఆరబోసిన కల్లాల పక్కనుంచి దిగి, పత్తి చేలోకి అడ్డం పడి వాళ్ళ కాలనీకి పోయాడు. కట్టె కొట్టేసిన చేను. మోళ్ళు కత్తుల్లా ఉన్నాయి.

మార్చి 12. బుధవారం. మధ్యాహ్నం 3.25

0.

స్టాఫ్ రూములో వాచీ చూస్తూ కూర్చున్నాను. మూడు పది అయింది. అలవాటుకొద్దీ పళ్ళు బిగించాను. రాలేదు. అయితే ఏమీ జరగలేదని కూడా చెప్పలేను. గుమ్మం దాకా ఎవరో వచ్చి, లోపల చూసి, పక్కింటికి వెళ్ళిపోయినట్టు అనిపించింది. బయట ఎండ మండిపోతోంది. కిటికీలోంచి మిరప ఘాటు వస్తోంది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తుమ్ముతున్నారు. నా ఒక్కదానికే తుమ్ము రాలేదు.

ఆనందంతో ఏడుపొచ్చింది. బాత్రూములోకెళ్ళి ఏడ్చాను.

మార్చి 13. గురువారం

0. మళ్ళీ 0.

ఈరోజు నుంచి రోజూ పస్తే. రాత్రి మాత్రం ఒక అరటిపండు.

పాదం చల్లగా ఉంది. నలభై డిగ్రీల ఎండలో కుండలా చల్లగా. సాయంత్రం అత్తయ్య నూనె రాస్తానని పట్టుకుని చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. వెళ్ళి చేతులు కడుక్కుంది.

మార్చి 15. శనివారం

కోటిరత్నం వచ్చింది. జక్రయ్య భార్య. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పని మధ్యలో వచ్చిందేమో, చేతులు దేనికీ తగలకుండా వెనక్కి పెట్టుకుని నిలబడింది.

మా ఆయన్ని మీరన్నా కోప్పడండి మేడంగారూ అంది. పొద్దుగూకులూ పస్తంట, ఎడం కాలు మంటలంట, సూపించమంటే గుడ్డ సుట్టుకుంటన్నాడండీ అంది.

ఎప్పటినుంచి అన్నాను. మొన్న బుధవారం నుంచండీ. రోజంతానా అన్నాను. లేదండీ, మూడు దాటినాక వచ్చిద్దంట, యేళ్ళకాడ్నుంచి మడమ కాడికి పోయిద్దంట. ఆడ రెండు పోట్లు పొడిసి ఇక ఉండదంట.

రెండు పోట్లు.

ఆమె వెళ్ళాక బీరువా తెరిచి చూశాను. ఈ పుస్తకం నేను పెట్టిన చోటే, చీరల కింద ఉంది. తాళంచెవి నా గొలుసుకే ఉంది.

మార్చి 17. సోమవారం

మళ్ళీ చేసి చూడందే సైన్సు కాదు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పూ అన్నం పెరుగూ అన్నీ తిన్నాను. అత్తయ్య మొహం వెలిగిపోయింది.

3.10కి 7. రెండు పోట్లు.

సాయంత్రం కోటిరత్నానికి ఫోన్ చేశాను. ఇయ్యాల సుబ్బరంగా ఉన్నాడండీ, మజ్జాన్నం నిద్ర కూడా పోయాడండీ అంది.

మార్చి 18. మంగళవారం

పస్తు. నాకు 0. ఆయన నులకమంచం పట్టె కొరికాడట.

మార్చి 19. బుధవారం

తిన్నాను. నాకు 6. ఆయన సైకిలు మీద నాలుగు ఇళ్ళు తిరిగి బీపీ చూసొచ్చాడట.

మూడు రీడింగులు. పిల్లల రికార్డులో ఇవి చాలంటాను.

మార్చి 20. గురువారం

ఈరోజు తినలేదు.

రాయాల్సింది సూటిగా రాస్తాను. తెలిసే తినలేదు. రేపటి నుంచి గుంటూరులో స్పాట్ వాల్యుయేషన్. రోజంతా చెక్క కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దాలి. మూడు పదికి అందరి ముందూ ఆ కేక ఆపుకోవడం నా వల్ల కాదు. నవంబరు నుంచి నేను మనిషిగా లేను. ఈ పది రోజులు మనిషిగా ఉంటాను. స్పాట్ అవగానే తింటాను. ఆయన పది రోజులు ఓర్చుకోలేడా?

ఈ మాట రాసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. కొట్టెయ్యలేదు.

మార్చి 23. ఆదివారం

జక్రయ్య కుంటుతూ వచ్చాడు. ఎడమ పాదానికి పాత లుంగీ గుడ్డ. రామకాంత్ ఇంట్లో లేడు. నేనే కుర్చీ వేశాను. కూర్చోలేదు.

దేనికోసం ప్రార్థన అని మళ్ళీ అడిగాను. ఈసారి చెప్పాడు. మేడంగారి బాధ నాకియ్యి తండ్రీ అని అడిగానండీ. ఇచ్చాడండీ. చెబుతుంటే మొహంలో ఎంత సంతోషమో. పరీక్ష పాసైన పిల్లాడిలా చెప్పాడు.

అది షుగర్ వల్ల, కాలు చూపించండి అన్నాను. పాదం వెనక్కి జరుపుకున్నాడు. ఇది ఎన్నాళ్ళు అన్నాను. గుడ్ ఫ్రైడే దాకానండీ, ఆ తర్వాత ఆయన చిత్తం.

రేపటి నుంచి నేను తింటాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. జాగ్రత్తండీ అన్నాను.

మార్చి 24. సోమవారం

స్పాట్ నుంచి పర్మిషన్ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. సున్నాలు చూసి ఆశ్చర్యపోయింది. నరానికి కరెంటు పెట్టి మళ్ళీ టెస్టు చేయించింది. జనవరి రిపోర్టూ ఈరోజుదీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఏమీ మారలేదు. నరం కోలుకోలేదు. కొంచెం దిగజారింది కూడా. పాదంలో సూదితో గుచ్చితే నాకు తెలియలేదు, రక్తం చూసి తెలిసింది.

అయితే నా కణాలు చెత్త తినలేదు. ఏమీ బాగుచేయలేదు.

నొప్పి ఎటు పోయిందండీ అని అడిగాను. పోయిందిగా, సంతోషించండి, తిండి మాత్రం తినండి అంది. బరువు 58 నుంచి 49. ఈసారి తొమ్మిది నిమిషాలు చూసింది.

మార్చి 30. ఆదివారం. ఉగాది

0. అత్తయ్య పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చింది. పండగపూట ఒక్క చెంచా అంది. వద్దన్నాను. చెంచా కూడానా అంది. చెంచా కూడా వద్దన్నాను. ఇది భక్తి కాదే, నువ్వు దేన్నో ఇంట్లోకి రానివ్వకుండా తలుపు పట్టుకుని నుంచున్నట్టున్నావు అంది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇవాళ జక్రయ్య రాలేదు.

ఏప్రిల్ 1. మంగళవారం

స్పాట్ ఇంకో నాలుగు రోజులు పొడిగించారు. నేనూ పొడిగించాను.

ఏప్రిల్ 3. గురువారం. మధ్యాహ్నం 12.40

స్పాట్‌కి వెళ్ళలేదు. పొద్దున్నే కోటిరత్నం పరిగెత్తుకొచ్చింది. మడిసి పలకట్లేదండీ, ఒళ్ళు కాలిపోతందండీ, ఇల్లంతా వాసనండీ. మిరప చేతులతోనే నా చెయ్యి పట్టుకుంది. ఇప్పటికీ మండుతోంది. ఆ మంట నాకు హాయిగా ఉంది, ఎందుకో.

వాళ్ళింటికి నేను వెళ్ళడం ఇదే మొదటిసారి. ముప్పై ఏళ్ళుగా ఆయనే మా ఇంటికి వస్తున్నాడు. గుడ్డ నేనే విప్పాను. అరికాలి మధ్యలో పత్తి మోడు ముక్క విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ నలుపు. చీలమండ దాకా పాకింది. గోడకి ఆయన సంచీ వేలాడుతోంది. అందులో దూది, అయోడిన్, బ్యాండేజీ, టాబ్లెట్లు అన్నీ ఉన్నాయి. ఊళ్ళో ఎవరికి ముల్లు గుచ్చుకున్నా మూడు రోజులు వదలకుండా వచ్చి కడిగే మనిషి.

కాస్త తెలివొచ్చింది. మందు ఎందుకు పెట్టుకోలేదని అరిచాను. దేవుడిచ్చిన నొప్పికి మందేస్తే వద్దన్నట్టే గదండీ అన్నాడు. మళ్ళీ మీకాడికే పంపిస్తాడేమోనండీ.

ఎప్పుడు గుచ్చుకుంది అన్నాను. పన్నెండో తారీకండీ, బుధవారం, మూడు దాటినాక, మీ కాలేజీ కాడ్నుంచి చేనడ్డం పడొస్తంటే.

అదే మోడు, అదే చీము, అదే షుగర్. సైన్సుకి ఇంకేమీ అక్కర్లేదు. మరి నేను తిన్న రోజు ఆయన నిద్రపోయాడే. మోడు లోపల ఉండగానే సైకిలు తొక్కాడే.

రామకాంత్‌కి ఫోన్ చేశాను, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, కారు తీసుకుని రమ్మని. జక్రయ్యని తీసుకెళ్ళాలా, అదీ నేనా అన్నాడు. అవును, నువ్వే అన్నాను. వచ్చాడు. తనూ కోటిరత్నమూ కలిసి ఎత్తి కార్లో కూర్చోబెట్టారు. సీటు పాడవుద్దయ్యా అంటున్నాడు జక్రయ్య.

మధ్యాహ్నం 3.00

వాళ్ళు వెళ్ళగానే ఇంటికొచ్చి తిన్నాను. అన్నం గిన్నె ముందు పెట్టుకుని పెరుగు పోసుకుని చేత్తో కలుపుకుని తిన్నాను. ఉగాది నాటి అరిసెలు తిన్నాను. డోకు వచ్చింది, మింగాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంకో పది నిమిషాలు.

3.20

0.

4.00

0. ఇంకో గిన్నెడు తిన్నాను. రా. నాది నాకిచ్చెయ్యి. పాదాన్ని గోడకేసి కొట్టాను. గోడకి రక్తం అంటింది. పాదానికి ఏమీ తెలియలేదు.

ఏప్రిల్ 4. శుక్రవారం

మూడు పూటలా తిన్నాను. 0.

ఏప్రిల్ 5. శనివారం

0. 0. 0.

ఏప్రిల్ 7. సోమవారం

జక్రయ్య ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆపరేషన్ మూడింటికి మొదలైందట.

నేను ఇంట్లో పీట మీద కూర్చుని ఉన్నాను. 3.10కి ఎడమ పాదం తేలికైంది. చూస్తే ఉంది. నేల మీదే ఉంది, ఐదు వేళ్ళూ ఉన్నాయి, వాటి గోళ్ళకి అత్తయ్య పెట్టిన పారాణి కూడా ఉంది. చాలాసేపు చూస్తూనే కూర్చున్నాను. ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది.

ఏప్రిల్ 9. బుధవారం

రామకాంత్ జక్రయ్య మీద కంప్లైంట్ రాసి పెట్టుకున్నాడట, జిల్లా ఆరోగ్యశాఖకి ఇవ్వాలని. నవంబరు నుంచీ సొరుగులో ఉందట. ఇప్పుడెలా ఇస్తాను, కాలు పోయినవాడి మీద అన్నాడు. కాలు పోయిందని మానుకోకు అన్నాను. చీర సంగతి చెప్పాను. ఆయన రెండుసార్లు అడిగాడు, నేను రెండుసార్లూ గద్దించాను, మొహం గోడకి తిప్పించి వేయించుకున్నాను. తర్వాత ఉపవాసాల సంగతి కూడా చెప్పాను. మూడు రీడింగులూ చెప్పాను.

మొదటిది విని తల దించుకున్నాడు. రెండోది విని, నీరసంలో ఏదేదో అనుకున్నావులే సుధా అన్నాడు. ఒకటి నమ్మాడు, ఒకటి నమ్మలేదు. నాకు రెండూ ఒకటే నేరం.

కాగితం చింపేశాడు. చింపి ముక్కలు నా చేతిలో పెట్టి, ఇన్నాళ్ళూ ఆయన్ని నాచేత తిట్టించావు అన్నాడు. అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 12. శనివారం

తిండి తింటున్నాను. 0.

కోటిరత్నం ఫోన్ చేసింది. లేని కాలు మండుతందంటన్నాడండీ, డాకటర్లేమో అట్టా ఉంటదిలే అంటన్నారండీ, లేనిదాన్ని యాడని రుద్దనండీ అని ఏడ్చింది.

అలా ఉంటుంది. నాకు తెలుసు. కాలు తీసేసినా మెదడులో దాని చోటు దానికి ఉంటుంది. పాఠం చెప్పగలను. అయితే ఆ నొప్పి ఇప్పుడు ఎక్కడుంది అని ఎవరైనా పిల్ల లేచి అడిగితే ఏం చెప్పాలి? నా పాదంలో లేదు. ఆయనకి పాదమే లేదు.

రేపు వెళ్దామనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. ఆయన మొహం చూడాలంటే భయం.

ఏప్రిల్ 16. బుధవారం. ఆసుపత్రి నుంచి వచ్చాక

కోటిరత్నం మందులకి వెళ్ళింది. జక్రయ్య ఒక్కడే మంచం మీద ఉన్నాడు. తప్పు నాదండీ, చీర సంగతి ఇంట్లో చెప్పేశాను అన్నాను. ఎందుకు చెప్పారండీ, ఆడమనిషి మర్యాద గదండీ అన్నాడు. అంటూనే పళ్ళు బిగించాడు. చెమటలు పోశాయి. దుప్పటి కుడివైపు ఎత్తుగా ఉంది, ఎడమవైపు చదునుగా ఉంది. ఆ చదునువైపే చూస్తున్నాడు.

పాదం ఎక్కడుంటుందో అక్కడ చెయ్యి వేశాను. మీరు ముట్టుకోగూడదండీ అని గిలగిల్లాడాడు. ముట్టుకోవడానికి ఏముందండీ అన్నాను. ఒట్టి పరుపుని నొక్కాను. ఇంకొంచెం కిందకండీ అన్నాడు. కిందకి జరిపి నొక్కాను. తగ్గతంది మేడంగారూ, తగ్గతంది అని కళ్ళు మూసుకున్నాడు.

నేను చెయ్యి తియ్యలేదు. మంచం కింద, చెప్పులో, నా ఎడమ పాదాన్ని ఎవరో నొక్కుతున్నారు. ఒక్కొక్క వేలూ తెలుస్తోంది. నా చేతి వేళ్ళే.